917 బంతులు – కొఠారి సుబ్బన్న నాయుడు గారి జీవితము

ఈ శతాబ్ది సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవిత చరిత్ర వ్రాసి ఇమ్మని సంచిక కమిటీ వారు మమ్మును కోరినప్పుడు, సంఘ కాపరి గనుక ఏ మిషనరీ దొరగారి చరిత్రయో వ్రాసి పంపుతారని వారు అనుకొని ఉంటారు. అట్టి వ్యాసములు ఈ సంచికలో పెద్దలు ఇతరులు మాకంటె చక్కగా వ్రాసి ఉన్నారు. మేము ఒక క్రికెట్ ఆటగాని గూర్చి వ్రాస్తున్నాము. ఇందుకు కారణము చెప్పవలసి ఉన్నది.

గత వేసవిలో చిత్తూరుకు దగ్గరలోని ఒక పాఠశాల మైదానములో మన యౌవనస్థులు రెండు జట్లుగా చేరి ఆడుకొన్నారు. పిల్లలు ఆడుతుంటే చూద్దామని మేమును వెళ్ళి చింతచెట్టు నీడలో కుర్చీ వేసుకొని కూర్చున్నాము. అందులో ఒక కుర్రవాడు, పది చదివినవాడు, తన జట్టు తరఫున అందరికంటె ఎక్కువ ఓవర్లు బంతి వేశాడు. వేయనని ఒక్కసారియు అనలేదు. చివరికి జట్టు ఓడిపోయింది. ఓడిన తరువాత పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. నీవు ఇన్ని పరుగులిచ్చినందుననే ఓడినామని తక్కినవారు వాని మీద పడ్డారు. వాడు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుండి దారి పొడవునా మాటలాడలేదు. మేము వాని ప్రక్కన చేరి సి. ఎస్. నాయుడు గారి కథ చెప్పినాము. ఆ దినము బస్సులో చెప్పినదే ఇక్కడ కొంత వివరముగా వ్రాస్తున్నాము.

నాయుడు అనగానే పాతతరము వారందరు సి. కె. నాయుడు గారిని తలచుకొంటారు. అది న్యాయమే. 1932లో లండను నగరములోని లార్డ్స్ మైదానములో భారతదేశము మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు జట్టుకు నాయకుడు ఆయనే. కొఠారి కనకయ్య నాయుడు ఆయన పూర్తి పేరు. తెలుగు కుటుంబము. పూర్వులు ఆంధ్ర దేశమునుండి వెళ్ళి నాగపూర్‌లో స్థిరపడినవారు. 1895 అక్టోబరు 31న కనకయ్య నాయుడు గారు అక్కడనే పుట్టారు. ఆయనకు ఒక తమ్ముడు. 1914 ఏప్రిల్ 18న, అన్నగారికి పద్దెనిమిది నిండి పంతొమ్మిది నడుస్తున్న కాలములో పుట్టినవాడు. ఆ తమ్ముడే కొఠారి సుబ్బన్న నాయుడు, అనగా సి. ఎస్. నాయుడు. ఇంత వయో భేదమున్న అన్న మన ఇండ్లలో తండ్రితో సమానము. తమ్ముడు నడక నేర్చేసరికే అన్నగారు బొంబాయిలో హిందూ జట్టుకు ఆడి పేరు తెచ్చుకొన్నారు. తమ్మునికి తొమ్మిదేండ్లప్పుడు, 1923లో, ఇండోరు పాలకుడైన హోల్కర్ మహారాజు అన్నగారిని పిలిపించి తన సైన్యములో ఉద్యోగమిచ్చారు. ఆ నీడలో పెరిగిన పిల్లవానికి క్రికెట్ తప్ప వేరే దారి ఉండునా? అయితే అన్నగారి పేరు ప్రధానముగా బ్యాటుతో వచ్చినది. తమ్ముడు బంతిని పట్టుకొన్నాడు.

ఆయన వేసిన బంతి ఎట్టిదో ఆట తెలియని అమ్మలకు, అక్కలకు చెప్పవలెను. వేగముగా పరుగెత్తి వచ్చి విసరేది ఒక రకము. నెమ్మదిగా వచ్చి బంతిని త్రిప్పి వేసేది మరియొక రకము. ఆ త్రిప్పుటలోను వ్రేళ్ళతో త్రిప్పువారున్నారు, మణికట్టుతో త్రిప్పువారున్నారు. సుబ్బన్న నాయుడు గారు మణికట్టు మనిషి. ఆయన లెగ్ బ్రేక్ బంతి కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ళ వైపు నేలను తాకి అవతలి ప్రక్కకు తిరుగుతుంది. చేయి అదే విధముగా ఆడిస్తూనే మణికట్టును ఇంకొంచెము మడిచి వేస్తే బంతి దానికి విరుద్ధముగా లోపలికి వస్తుంది. దానికి గూగ్లీ అని పేరు. ఇంగ్లాండులో బోసాంకే అను ఆయన 1900 ప్రాంతములో దీనిని కనిపెట్టాడు. ఇది చాలా కష్టమైన విద్య. గురి ఒక అడుగు తప్పితే పరుగుల వరద. అందుచేత ఇట్టి బౌలరుకు వికెట్లూ ఎక్కువే, సమర్పించుకొనే పరుగులూ ఎక్కువే. ధైర్యము లేని నాయకుడు ఇట్టివానికి బంతి ఇవ్వడు. రెండు ఓవర్లలో ఇరవై పరుగులు పోగానే తీసివేస్తాడు. ఈ మాట జ్ఞాపకముంచుకొనండి, తరువాత అవసరమగును.

1934 జనవరిలో కలకత్తాలో ఇంగ్లాండుతో జరిగిన టెస్టులో సుబ్బన్న నాయుడు గారు మొదటిసారి దేశము తరఫున ఆడారు. వయసు పంతొమ్మిది. అవతలి జట్టు నాయకుడు కరకువాడని పేరు మోసిన డగ్లస్ జార్డిన్. ఇవతలి నాయకుడు తన అన్నగారే. అన్న నాయకుడు గనుక తమ్మునికి చోటు దొరికిందని అనుకొనేవారు ఏ కాలములోనైనా ఉంటారు. మన సంఘములలో పాస్టరుగారి కుమారుడు పాట పాడినా ఇదే మాట వస్తుంది గదా! దానికి తగిన జవాబు మైదానములోనే చెప్పవలెను. ఆ జవాబు చెప్పుటకు ఆయనకు ఎట్టి అవకాశము దొరికినదో చూడండి.

1936లో భారత జట్టు ఇంగ్లాండు వెళ్ళింది. సుబ్బన్న నాయుడు గారు కూడ ఆ జట్టులో ఉన్నారు. ఈసారి నాయకుడు అన్నగారు కాదు, విజయనగరము రాజకుమారుడు. మన తెలుగువారే. ఆ పర్యటనలో జట్టు లోపల ఎన్నో తగవులు జరిగాయి. లాలా అమర్నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపివేశారు. ఆ సంగతులు వినసొంపుగా ఉండవు గనుక వదలివేస్తున్నాము. మనకు కావలసినది ఒక్కటే. ఆ ఆగస్టులో ఓవల్ మైదానములో ముగిసిన టెస్టు తరువాత భారతదేశము మరల టెస్టు ఆడినది 1946 జూన్‌లో. రెండవ ప్రపంచ యుద్ధము వలన దాదాపు పది సంవత్సరములు మన దేశమునకు ఒక్క టెస్టు కూడ లేదు. 1936లో సుబ్బన్న నాయుడు గారి వయసు ఇరవై రెండు. 1946లో ముప్పది రెండు. మణికట్టుతో బంతి త్రిప్పువానికి చేయి నిండుగా పనిచేసే వయసు ఇదే. ఆ పదేండ్లు మిడుతలు తిన్న పంట వలె పోయినవి.

అంటే ఆయన ఊరకున్నారా? లేదు. దేశములో రంజీ ట్రోఫీ పోటీలు 1934లో ప్రారంభమైనవి. దాని మొదటి ఆట మన పొరుగున మద్రాసు చేపాకులోనే, మద్రాసుకు మైసూరుకు మధ్య జరిగి ఒక్క దినములోనే ముగిసినది. ఆ కాలములో క్రికెట్ ఆడేవారిని పోషించినవారు ఎక్కువగా సంస్థానాధీశులు. సుబ్బన్న నాయుడు గారు బరోడా జట్టులో చేరారు. 1942-43లో బరోడా హైదరాబాదు జట్టును ఫైనలులో ఓడించి ట్రోఫీ గెలిచింది. ఆ సంవత్సరము సుబ్బన్న నాయుడు గారు 40 వికెట్లు తీశారు. రంజీ ట్రోఫీలో ఒక సంవత్సరములో నలభై వికెట్లు తీసిన మొదటి బౌలరు ఆయనే. ఇప్పటి వలె ఒక జట్టు ఎనిమిది తొమ్మిది ఆటలు ఆడే కాలము కాదది. ఓడితే ఇంటికి పోవలసినదే.

బరోడా జట్టులో ఆయన సహచరుడు విజయ్ హజారే. హజారే గారు క్రైస్తవుడని మన పాఠకులలో కొందరికైనా తెలియకపోవచ్చును గనుక వ్రాస్తున్నాము. అప్పట్లో బొంబాయిలో మతముల వారీగా జట్లు కట్టి ఆడే పోటీ ఉండేది. హిందువులు, ముస్లిములు, పార్సీలు, ఐరోపావారు, వీరిలో చేరని వారందరు కలిసి ఐదవ జట్టు. దేశ క్రైస్తవులు ఆ ఐదవ జట్టులో ఆడేవారు. 1943-44 ఫైనలులో హిందూ జట్టు మీద ఆ ఐదవ జట్టు చేసిన 387 పరుగులలో హజారే ఒక్కరే 309 చేశారు. మతము పేరిట జట్లు కట్టుట గాంధీగారికి నచ్చలేదు. 1946 తరువాత ఆ పోటీ నిలిచిపోయినది. నిలిచిపోవుటయే మంచిదని మా అభిప్రాయము. బరోడాలో హజారే, నాయుడు ఒకే జట్టుగా ఆడి గెలిచినది మాకు ఎక్కువ ఇష్టముగా ఉన్నది.

తరువాత సుబ్బన్న నాయుడు గారు హోల్కర్ జట్టుకు వచ్చారు. అక్కడ నాయకుడు అన్నగారే. ఇప్పుడు మేము బస్సులో ఆ కుర్రవానికి చెప్పిన అసలు సంగతికి వస్తున్నాము.

1945 మార్చి నెల. బొంబాయి బ్రాబోర్న్ స్టేడియములో రంజీ ట్రోఫీ ఫైనలు. బొంబాయి, హోల్కర్ జట్ల మధ్య పోటీ. ఆట తేలేవరకు ఆడవలెనని నియమము. తేలుటకు ఆరు దినములు పట్టింది. బొంబాయి మొదట ఆడి 462 పరుగులు చేసింది. అందులో సుబ్బన్న నాయుడు గారు 64 ఓవర్ల 5 బంతులు వేసి 153 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. అంతటితోనే ఏ బౌలరుకైనా ఒక ఆటకు సరిపోయిన పని అయిపోయినది. హోల్కర్ 360 పరుగులు చేసింది. ముస్తాక్ అలీ 109 కొట్టాడు. బొంబాయికి 102 పరుగుల ఆధిక్యము. మరల బొంబాయి బ్యాటింగు. మరల బంతి సుబ్బన్న నాయుడు గారి చేతికి వచ్చింది.

ఆ రెండవ ఇన్నింగ్సులో విజయ్ మర్చంట్ 278 పరుగులు చేశాడు. మర్చంట్ తొందరపడే మనిషి కాదు. బంతి ఎటు తిరుగునో చివరి వరకు చూచి ఆడేవాడు. అట్టివానికి ఎదురుగా గూగ్లీ వేయుట రాతి నేలలో బావి త్రవ్వినట్లే. బొంబాయి మొత్తము 764. సుబ్బన్న నాయుడు గారు 88 ఓవర్లు వేశారు. 275 పరుగులిచ్చి 5 వికెట్లు తీశారు. రెండు ఇన్నింగ్సులకు కలిపి 152 ఓవర్ల 5 బంతులు. లెక్క కడితే 917 బంతులు. 428 పరుగులు. 11 వికెట్లు.

ఈ అంకెలను ఇప్పటి పిల్లలకు తెలిసే విధముగా చెప్పవలెను. నేటి ఇరవై ఓవర్ల ఆటలో ఒక బౌలరు వేయగలిగినది 24 బంతులు మాత్రమే. 917 బంతులు వేయుటకు ఆయన అట్టి ఆటలు 38 ఆడి, ముప్పది తొమ్మిదవ దానిలో కూడ కొన్ని బంతులు వేయవలసి ఉంటుంది. టెస్టు ఆటలో ఒక దినమంతటికి జట్టులోని బౌలర్లందరు కలిసి వేయవలసినది 90 ఓవర్లు. ఆయన ఒక్కరే దినమున్నర దాటిన ఓవర్లు వేశారు. సముద్రపు ఉక్కలో, మార్చి ఎండలో. మన చిత్తూరులో మార్చి నెల మధ్యాహ్నము గుడినుండి బస్టాండు వరకు నడవమంటే మనము ఆటో పిలుస్తాము.

బౌలరు ఇన్ని ఓవర్లు వేశాడంటే దాని వెనుక ఇద్దరు మనుష్యులున్నారు. ఒకరు వేసినవారు, ఒకరు వేయమన్నవారు. రెండు ఓవర్లలో పరుగులు పోగానే ఇట్టి బౌలరును తీసివేస్తారని పైన వ్రాసినాము. 428 పరుగులు పోయినను అన్నగారు తమ్ముని చేతి నుండి బంతి తీసివేయలేదు. కనకయ్య నాయుడు గారు కఠినమైన నాయకుడు. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేండ్లు, ఇంకను మైదానములో నిలబడే ఉన్నారు. తనకు లేని జాలి తమ్ముని విషయములో మాత్రము చూపే స్వభావము కాదు. దీనిని కొందరు నిర్దయ అనవచ్చును. మేమును చాలాకాలము అట్లే అనుకొన్నాము. ఇప్పుడు మాకట్లు తోచదు. నమ్మకము లేనివానికి ఎవరు గాని 152 ఓవర్లు ఇవ్వరు.

హోల్కర్ గెలవవలెనంటే 867 పరుగులు కావలెను. ఇది మాట వరుసకు చెప్పుకొనే లక్ష్యమే గాని సాధ్యమయ్యేది కాదు. అయినను వారు వదలివేయలేదు. ముస్తాక్ అలీ మరల నూరు దాటి 139 కొట్టాడు. ఇంగ్లాండు దేశపు గొప్ప ఆటగాడు డెనిస్ కాంప్టన్ యుద్ధకాలమున సైనికుడుగా ఇండోరు దగ్గర మౌ కంటోన్మెంటులో ఉండేవాడు. హోల్కర్ వారు ఆయనను జట్టులో చేర్చుకొన్నారు. కాంప్టన్ 249 పరుగులు చేసి చివరి వరకు ఔటు కాకుండ మిగిలిపోయాడు. జట్టు 492కు ముగిసినది. 374 పరుగుల తేడాతో హోల్కర్ ఓడిపోయింది. రెండు జట్లు కలిసి చేసిన పరుగులు 2078.

పదకొండు వికెట్లు తీసి, 917 బంతులు వేసి, ఓడిపోయిన జట్టుతో సుబ్బన్న నాయుడు గారు ఇండోరు తిరిగి వెళ్ళారు. బస్సులో ఈ మాట చెప్పినప్పుడు కిటికీ ప్రక్కనున్న కుర్రవాడు మా వైపు తిరిగాడు.

మరుసటి సంవత్సరమే హోల్కర్ ఇండోరులో బరోడాను ఓడించి మొదటిసారి రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ ఫైనలులో యాభై ఏండ్ల అన్నగారు 200 పరుగులు చేశారు. పత్రికలు సహజముగానే అన్నగారిని పొగడినవి. తమ్మునికి ఇది అలవాటే.

1946లో యుద్ధము ముగిసిన తరువాత పటౌడీ నవాబు నాయకత్వములో జట్టు మరల ఇంగ్లాండు వెళ్ళింది. మే నెలలో ఓవల్ మైదానములో సర్రే జట్టుతో ఆట. అక్కడ మన చివరి ఇద్దరు బ్యాట్స్‌మన్లు, సర్వాతే, బెనర్జీ, ఇద్దరును నూరేసి దాటి చివరి వికెట్టుకు 249 పరుగులు చేర్చారు. క్రికెట్ చరిత్ర వ్రాసినవారెవరును దీనిని విడిచిపెట్టరు. ఆ తరువాత సర్రే బ్యాటింగుకు దిగినప్పుడు సుబ్బన్న నాయుడు గారు వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీశారు. హాట్రిక్! సర్రే 135కే కూలిపోయింది, ఫాలో ఆన్ ఆడి తొమ్మిది వికెట్ల తేడాతో ఓడిపోయింది. ఇంకెక్కడనైనా అయితే హాట్రిక్ చేసినవాని పేరే ముందు వస్తుంది. ఈ ఆటలో మాత్రము ఆ 249 పరుగుల మాటున హాట్రిక్ మరుగైపోయినది. ఇట్టి దురదృష్టము కూడ ఉంటుందా అని మాకు నవ్వు వచ్చినది, తరువాత నవ్వినందుకు సిగ్గు వేసింది.

ఆ పర్యటనలోనే వినూ మన్కడ్ వెయ్యి పరుగులు, నూరు వికెట్లు సాధించి జట్టులో మొదటి స్పిన్ బౌలరుగా నిలబడ్డాడు. స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే 1947-48లో అమర్నాథ్ నాయకత్వమున ఆస్ట్రేలియా వెళ్ళిన జట్టులోను సుబ్బన్న నాయుడు గారు ఉన్నారు. అక్కడ బ్రాడ్‌మన్ జట్టు మనలను నాలుగు టెస్టులలో ఓడించింది. 1951-52లో ఆయన టెస్టు జీవితము ముగిసినది. ఆ సంవత్సరమే సుభాష్ గుప్తే అను యువకుడు టెస్టులలో ప్రవేశించాడు. అతడును లెగ్ బ్రేక్, గూగ్లీ బౌలరే. తరువాతి పదేండ్లలో 149 టెస్టు వికెట్లు తీశాడు. ఆ విద్యకు దేశములో చోటు ఏర్పడిన సమయమునకు సుబ్బన్న నాయుడు గారికి ముప్పది ఏడు నిండినవి.

ఇక ఆయన టెస్టు లెక్క వ్రాయవలెను, దాచుట ధర్మము కాదు. పద్దెనిమిది సంవత్సరముల వ్యవధిలో ఆడినవి 11 టెస్టులు. ఇచ్చిన పరుగులు 359. తీసిన వికెట్లు 2. అవును, రెండే. ఒక్కొక్క వికెట్టుకు 179 పరుగులన్నర. టెస్టు లెక్కలు మాత్రమే చూచేవారు ఈ పేరు మీద వ్రేలు పెట్టి నవ్వి ప్రక్క పుటకు పోతారు. అదే మనిషి అన్ని మొదటి తరగతి ఆటలలో కలిపి 174 ఆటలకు 647 వికెట్లు తీశాడు, వికెట్టుకు ఇరవై ఆరున్నర పరుగులు. రెండు లెక్కలును నిజమే. టెస్టులలో ఆయన బాగుగా వేయలేదని ఒప్పుకొనవలసినదే. పదేండ్లు టెస్టులు లేవన్నది సగము కారణము. దొరికిన కొద్ది టెస్టులలోను ఆయన గురి కుదరలేదన్నది తక్కిన సగము. మేము ఆయన పక్షమువారము గనుక మొదటి సగమునే గట్టిగా చెప్పుచున్నాము.

టెస్టులు ముగిసినను ఆయన ఆట మానలేదు. హోల్కర్ తరువాత బెంగాలుకు ఆడారు. 1953 అక్టోబరు 1న మన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడింది. అంతవరకు మద్రాసు రాష్ట్రములో ఉన్న మన చిత్తూరు జిల్లా కూడ అందులో చేరింది. ఆ 1953-54లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగింది. దానికి నాయకుడెవరు? యాభై ఎనిమిదేండ్ల సి. కె. నాయుడు గారు. నాగపూర్‌లో పుట్టి ఇండోరులో స్థిరపడిన మనిషి పిలువగానే వచ్చి క్రొత్త జట్టును నడిపించారు. సుబ్బన్న నాయుడు గారును ఆంధ్ర జట్టుకు ఆడారు. ఉత్తర ప్రదేశ్‌కు, మధ్య ప్రదేశ్‌కు కూడ ఆడారు. తాతల నాటి భాష మాటలాడే జట్టులో ఆడినప్పుడు వారికి ఎట్లుండెనో గాని, మనకు మాత్రము అది గర్వకారణము. తిరుపతిలోను చిత్తూరులోను ఈ దినము సంచి భుజాన వేసుకొని ఆటకు పోయే పిల్లలు ఆశించేది ఆ ఆంధ్ర జట్టులో చోటునే.

అన్నగారు 1967 నవంబరు 14న ఇండోరులో మరణించారు. దేశమంతయు సంతాపము తెలిపింది. ఆయన పేరిట నేడు యువకుల ట్రోఫీ ఉన్నది, క్రికెట్ బోర్డు వారి పురస్కారమున్నది. తమ్ముడు ఇంకను ముప్పది ఐదు సంవత్సరములు జీవించారు. 2002 నవంబరు 22న అదే ఇండోరులో ఎనభై తొమ్మిదవ ఏట కన్నుమూశారు. అప్పుడు మేము వేదాంత కళాశాల విద్యార్థులము. హాస్టలు పఠన మందిరములో పత్రిక చివరి పుటలలో నాలుగు వాక్యముల వార్త చూచినాము. 917 అను అంకెను మేము మొదటిసారి చదివినది ఆ నాలుగు వాక్యములలోనే. అచ్చుతప్పేమో అనుకొని మరునాడు గ్రంథాలయమునకు పోయి పెద్ద పుస్తకము తీసి చూచినాము. అచ్చుతప్పు కాదు. ఒక్క మొదటి తరగతి ఆటలో అన్ని బంతులు వేసినవారు ఆయనకు ముందు లేరు, తరువాతను లేరు. ఒక్క ఆటలో అన్ని పరుగులు ఇచ్చినవారును లేరు. రెండు రికార్డులును ఆయన పేరిటనే ఒకే వరుసలో ఉన్నవి.

బస్సు దిగేటప్పుడు ఆ కుర్రవాడు మమ్మును ఒక్కటే అడిగాడు, గూగ్లీ వేసేటప్పుడు మణికట్టు ఎంత మడవవలెనని. మాకు చేతనైనంతలో ఒక నారింజకాయతో చూపించినాము. అది చేయి జారి కాలువలో పడినది.